పేరు లేని రంగు

చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం, వంగపండు, ఉల్లిపొర... చీరల రంగుల పేర్లు అమ్మ గడగడా చెప్పేస్తుంది. నేను సూటు కుట్టించుకుంటానన్న రంగుకి మాత్రం ఆమె దగ్గర పేరు లేదు. 'వెలిసిపోయింది' అంది, అంతే!

అశ్వారావుపేటలో మా ఇంటికి రంగులేయించేటప్పుడు పెయింటర్ తెచ్చిన షేడ్‌కార్డులో చూశాను దాన్ని. బూడిదరంగు కాదు, గోధుమరంగూ కాదు. ఎండిన టేకాకుని వెనక్కి తిప్పితే కనిపించే రంగు. పామాయిల్ గెలల ట్రాక్టర్లు తిరిగే మా రోడ్డు మీద దుమ్ము కూడా పెద్దగా కనపడదులెండి! ఇంగ్లిషులో దీన్ని 'గ్రేజ్' అంటారు. ఈ రంగు సూట్లకి పేరుపడ్డ డిజైనర్ ఇటలీకి చెందిన జార్జియో అర్మానీ. 1975లో సొంత కంపెనీ పెట్టిన ఆయన, కోటులోంచి ప్యాడ్లూ లైనింగూ తీసేసి దాన్ని చొక్కాలా ఒంటిమీద వాలేట్టు చేశారు. ఆ మెత్తదనమే ఆడవాళ్ల సూట్లకీ ఇచ్చారు. 2025 సెప్టెంబరు 4న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన వాడిన ఉన్ని బట్ట మన ఎండలకి కష్టం. అందుకే విజయవాడ వెళ్లినప్పుడు ఆ రంగుకి దగ్గరగా ఉన్న మంగళగిరి నూలు బట్ట తెచ్చుకున్నా.

మా టైలర్ బాబాయ్ పెళ్లికొడుకుల సూట్లు కుట్టి చెయ్యి తిరిగినవాడు. 'బక్రం లేకుండా కోటేంటమ్మా, నిలబడదు' అన్నాడు. 'నిలబడక్కర్లేదు బాబాయ్, నాది కూర్చుని రాసే ఉద్యోగం' అన్నా. నవ్వి, కాలర్‌కి మాత్రం పల్చటి క్యాన్వాస్ వేస్తానని బేరం పెట్టాడు. ఒప్పుకున్నా. భుజం దగ్గర రెండుసార్లు విప్పి కుట్టాడు. ప్యాడ్ ఉంటే కొలతలో తేడా దాని కింద దాగిపోతుందట. ఇప్పుడు దాచడానికి ఏమీ లేదు కదా! మెత్తగా కుట్టడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది.

అమ్మ బాధ వేరు. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ముదురు రంగులు కట్టుకోవద్దని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అత్తలూ పిన్నులూ పెట్టే చీరలన్నీ లేతవే, అంతే. బీరువా మెల్లగా వెలిసిపోయింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. పెళ్లి సంగతి అప్పుడే తేల్చారు గానీ, చీర రంగు సంగతి మన ఇళ్లలో ఇంకా తేలలేదు.

'నేను కట్టుకోక తప్పని రంగుని నువ్వు డబ్బిచ్చి కొనుక్కున్నావా?' అందోరోజు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

'నాకు నచ్చిందమ్మా.'

'ఊఁ... నచ్చింది' అని పనిలో పడిపోయింది.

జేబుల లోపలి సంచీకి గుడ్డ కావాలని బాబాయ్ కబురుపెట్టాడు. ఏదో ఓ తెల్లగుడ్డ వేసెయ్యమందామనుకున్నా. ఈలోగా అమ్మ బీరువా అడుగునుంచి ఓ చీర తీసింది. కనకాంబరం రంగు. నాన్న ఉన్నప్పటిది. కొంగు దగ్గర పెద్ద ముక్క కత్తిరించి నా చేతికిచ్చింది.

'ఇది వెయ్యమను. బయటికి కనపడదుగా.'