కేకుపై పేరు

వేడుక అనునది ఒంటరిగా జరుపుకొనదగినది కాదు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, చుట్టములు, స్నేహితులు ఒకచోట చేరి నోరు తీపి చేసుకొన్నప్పుడే అది వేడుక అనిపించుకొనును. అందుకే మన పెద్దలు ఒక్కొక్క శుభదినమునకు ఒక్కొక్క తీపి వంటకమును ముడివేసినారు. రంజాన్ పండుగ నాడు షీర్ ఖుర్మా, ఉగాది నాడు బొబ్బట్లు, సంక్రాంతికి అరిసెలు లేనిదే ఇల్లు ఇల్లుగా తోచదు. ఈ పంక్తిలో అందరికంటె చివరగా వచ్చి కూర్చున్న అతిథి కేకు. వచ్చుట ఆలస్యమైనను నేడు ఆ అతిథి లేని వేడుక అరుదు. కర్నూలులోని మా ఇంట అక్కచెల్లెండ్రము మువ్వురము కలసి కొన్నేండ్లుగా బంధుమిత్రుల శుభకార్యములకు కేకులు చేసి, అలంకరించి ఇచ్చుచున్నాము. వెల పుచ్చుకొనుట లేదు. ఆ పనిలో మేము చూచినవి, తెలిసికొన్నవి తోటి విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుచున్నాము.

కేకు మన నేలపై పుట్టినది కాదని కొందరు పెదవి విరుతురు. మిరపకాయ కూడ పోర్చుగీసుల ఓడలలో వచ్చినదే. అది లేని ఊరగాయను నేడు ఊహింపగలమా? కేకు చరిత్రలో రెండు ముచ్చటలు మాకు మిక్కిలి ఇష్టము. కేకును ఉబ్బజేయు బేకింగ్ పౌడరును 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసినాడు. ఆయన భార్యకు ఈస్టు సరిపడదు. ఆమె కూడ అందరివలె మెత్తని రొట్టె తినవలెనను కోరికయే ఆ ప్రయోగమునకు మూలము. ఇక మన దేశమున, 1883లో కేరళలోని తలశ్శేరియందు మాంబల్లి బాపు అను బేకరీ యజమాని, ఒక ఆంగ్లేయుడు తెచ్చి చూపిన కేకును రుచి చూచి, తమ ప్రాంతమున దొరకు వస్తువులను కూడ వాడి క్రిస్మస్ కేకు చేసి మెప్పించినాడని చెప్పుదురు. ఎవరికొరకు చేయుచున్నామో ఎరిగియుండుట, చేతనున్న వస్తువులతోనే చేయుట, ఈ రెండే ఇంటి కేకునకు పునాదులని మా నమ్మకము.

బేకరీవారిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. వారి చేతి నేర్పు, వేగము మాకు లేవు. అయినను బేకరీ అద్దాల వెనుకనున్న కేకు ఎవరు వచ్చి కొందురో ఎరుగదు. ఇంటి కేకు తన యజమానిని ఎరిగియే పుట్టును.

చేయు విధానము కొంత చెప్పుదుము. గ్రుడ్లు, వెన్న, పంచదార, మైదా సమానమైన తూకములో తీసికొనుట అన్నిటికంటె తేలికగా గుర్తుండు లెక్క. పెంకులు తీసిన నాలుగు గ్రుడ్లు సుమారు 200 గ్రాములుండును, తక్కినవియు అంతే. ఓవెన్ లేని ఇంట ప్రెషర్ కుక్కరే ఓవెన్. దాని రబ్బరు, విజిల్ తీసివేసి, అడుగున ఉప్పు పరచి, దానిపై చిన్న పీట వంటిది ఉంచి, సన్నని మంటమీద గిన్నెను నిలుపవలెను. గ్రుచ్చిన పుల్లకు పిండి అంటకుండ వచ్చినచో కేకు ఉడికినట్లే. ఆ పిమ్మట పూర్తిగా చల్లారువరకు ఓపిక పట్టవలెను. వేడి కేకుపై ఐసింగు నిలువదు.

ఐసింగునకు 250 గ్రాముల వెన్నకు 500 గ్రాముల మెత్తని పొడి పంచదార కావలెను. పంచదారను పలుచని గుడ్డలో జల్లించవలెను. ఒక్క పలుకు మిగిలినను కోను మొన వద్ద అడ్డుపడి గీత తెగిపోవును. కేకును బోర్లించిన గిన్నెపైనున్న పళ్లెములో పెట్టి, మొదట పలుచని పూత పూసి అర గంట సేపు ఫ్రిజ్‌లో ఉంచుదుము. గోడకు సున్నము వేయుటకు ముందు గచ్చు సరిచేయునట్లు, ఈ తొలిపూత రాలు పొడినంతటిని పట్టి ఉంచును. రెండవ పూత నున్నగా వచ్చునది అందువలననే.

మా ఊరి ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వెన్న 32 నుండి 35 డిగ్రీల మధ్య కరగును. మే నెలలో మా వీధి 40 డిగ్రీలు దాటును. వెన్నతో చేసిన గులాబీ పువ్వు ఆ వేడిలో రేకులు వాల్చివేయును. అందుచేత వేసవి వేడుకలకు మేము గ్రుడ్డులోని తెల్లసొన, పొడి పంచదార కలిపిన ఐసింగును వాడుదుము. ఆ ఐసింగు పువ్వులను ముందురోజుననే కాగితముపై పోసి ఆరబెట్టినచో, వెన్నను కరగించు ఎండాకాలపు పొడిగాలియే వాటిని గట్టిపరచును. శత్రువని తలచినవాడే సహాయమునకు వచ్చినట్లు!

మమ్ములను చూచి, ఈ విద్య ఎచ్చట నేర్చినారని అడుగువారు కలరు. సగము విద్య మా చేతులలో ముందే ఉన్నది. మెహందీ కోను పట్టిన చేయికి ఐసింగు కోను క్రొత్త కాదు. బటర్ పేపరును చుట్టి, మొన కత్తిరించి, బొటనవ్రేలి ఒత్తిడిని సమముగా ఉంచి, మణికట్టును గాలిలో నడిపించుట రెంటికిని ఒకటే. మాతో చదువుకొన్న ఎదురింటి స్నేహితురాలు ముగ్గులు వేయుటలో దిట్ట. గుండ్రని కేకుపై చుక్కలను సమదూరములో పెట్టుట ఎట్లో ఆమెయే మాకు చూపినది. ఇక హైదరాబాదు ఇండ్లలో బాదం ముద్దను పలుచగా పరచి, జాలీ ఆకారములో కత్తిరించి, వెండి రేకు అంటించి చేయు బాదం కీ జాలీని చూచినవారికి, పాశ్చాత్యులు బాదం ముద్దతో కేకును కప్పుట వింతగా తోచదు. విద్యలకు ఊళ్లు వేరైనను చేతులు చుట్టరికము కలుపుకొనును.

అలంకారము కన్నులకు మాత్రమే కాదు, తినువారి కడుపునకు, నియమమునకు కూడ సరిపడవలెను. ఎదురింటివారు గ్రుడ్డు తినరు. వారికి చేయునప్పుడు పెరుగు, వంటసోడా కలిపి చేయుదుము, అలంకారమునకు వెన్న ఐసింగే. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మముల నుండి తీయబడునది కనుక మా ఇంట దానిని వాడము. సముద్రపు నాచు నుండి వచ్చు చైనా గ్రాస్ ఆ పని చేయును. వెనిలా సారములో సాధారణముగా మద్యసారము ఉండును గనుక ఏలకులు, కుంకుమపువ్వు మాకు చాలును. వేరుసెనగ పడని ఒక స్నేహితురాలి కేకు చేయునాడు ఆ గింజ వంటింటిలోనికే రాదు. పువ్వుల విషయమునను జాగ్రత్త కావలెను. గన్నేరు పువ్వు ఎంత అందమైనదో అంత విషము. మందు చల్లని గులాబీ రేకులు మేలు. ఇన్ని విచారించుటలో విసుగు లేదా అని అడిగిన, లేదనియే చెప్పుదుము. ఒక మనిషి ఏమి తినడో తెలిసికొనుట, అతనిని గౌరవించుటలో మొదటి మెట్టు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. కేకుపై పువ్వులెన్ని ఉన్నను అందరి చూపు మొదట పడునది పేరుమీదనే. మేము ఆ పేరును ఉర్దూలోను, తెలుగులోను కూడ వ్రాయుదుము. ఈ రెండు లిపుల స్వభావములు కోను పట్టినప్పుడు తెలిసినంతగా కలము పట్టినప్పుడు తెలియవు. తెలుగు అక్షరములు గుండ్రనివి. ఐసింగు ధార వాటి వెంట హాయిగా తిరుగును. కాని గీత లావైనచో లోపలి చుట్టు పూడిపోయి 'ప' యేదో 'వ' యేదో తెలియదు. వత్తులకు క్రింద చోటు విడువవలెను. ఉర్దూ నస్తాలీఖు లిపి కుడి నుండి ఎడమకు వాలుగా దిగును. కుడిచేతి వాటము గలవారి చేయి వ్రాసిన దానిమీదనే ఉండును గనుక మణికట్టు ఎక్కడను ఆనరాదు. చుక్కల పట్టింపు మరింత. ఒక చుక్క జారిపోయినచో 'జే' కాస్త 'రే' అగును. ఆ చుక్కలను మేము వెండి పూత గల చిన్న చక్కెర పూసలతో పెట్టుదుము.

ఇంతకంటె లోతైన ముచ్చట ఒకటి కలదు. జైనబ్, జాకిర్, జియా, జఫర్ అను నాలుగు పేర్లు తెలుగులో 'జ'కారముతోనే మొదలగును. ఉర్దూలో మొదటిది 'జే'తో, రెండవది 'జాల్'తో, మూడవది 'జాద్'తో, నాల్గవది 'జోయ్'తో. ఆ పేరు ఏ మూలము నుండి వచ్చినదో ఉర్దూ అక్షరము దాచి ఉంచును. కాని ఉర్దూలో హ్రస్వాచ్చులు సామాన్యముగా వ్రాయరు. ఎరుగనివారు ఆ పేరును ఎట్లు పలుకవలెనో తెలియక తడబడుదురు. తెలుగు ప్రతి అచ్చును పలికించి చూపును. ఒక లిపి పేరు పుట్టుకను చెప్పును, మరియొకటి దాని పలుకుబడిని చెప్పును. రెండును ప్రక్కప్రక్కన నిలిచినప్పుడే పేరు నిండుగా కనబడును.

మా ఇంట కేకు పని వివాదము లేకయే సాగినదని చెప్పలేము. పుట్టినరోజు జరుపుట మన ఆచారము కాదని మా పెద్దలలో కొందరి అభిప్రాయము. వారి మాటను మేము త్రోసిపుచ్చలేదు. ఆ అభిప్రాయము గల ఇండ్లకు ఇతర సంతోషములు లేకపోలేదు గదా! పిల్లలకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగవ రోజున జరుగు బిస్మిల్లా, ఖురాన్ పారాయణము ముగించిన నాటి ఆమీన్, పరీక్షలో ఉత్తీర్ణత, క్రొత్త ఇల్లు, ఇవన్నియు మాకు కేకు దినములే. రెండవ అభ్యంతరము ఇంకను సున్నితమైనది. భగవన్నామము కలిసిన పేర్లు మనవారిలో ఎక్కువ. అట్టి పేరు మీద కత్తి పెట్టుట ఎట్లు? ఆ మాట న్యాయమైనదే. అప్పటినుండి పేరును కేకుపై నేరుగా వ్రాయక, చక్కెరతో చేసి ఆరబెట్టిన చిన్న పలకపై వ్రాసి కేకుమీద నిలుపుచున్నాము. కోయుటకు ముందు పలకను ఎత్తి, ఎవరి పేరో వారి చేతికి ఇచ్చెదము.

ఆ పలక మా దాదీమా విషయమున మాకు మరువరాని అనుభవమైనది. ఆమె పుట్టిన తేది ఎవరికిని తెలియదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని అయిన నాటికి తాను తప్పటడుగులు వేయుచుండెనని పెద్దలు చెప్పగా విన్నానని మాత్రమే ఆమె అందురు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉన్నది, అది ఉజ్జాయింపు. పేరు సంగతి అంతకంటె విచిత్రము. ఒక కార్డులో ఒక తీరు, మరియొక దానిలో మరియొక తీరు. ఇంటిలో ఆమె కొందరికి అమ్మీ, కొందరికి దాదీమా. వీధిలో పెద్దకొడుకు పేరు చెప్పి ఆయన తల్లి అందురు. ఆమె బడికి వెళ్లలేదు. అయినను నలుబది ఏండ్లకు పైగా ఈ వీధి పిల్లలను చాపమీద కూర్చుండబెట్టి అలిఫ్, బే మొదలు ఖురాన్ ముగియువరకు చదివించినారు. రుసుము పుచ్చుకొనలేదు. ఆ పిల్లల ఆమీన్ వేడుకలు ఎన్నియో జరిగినవి. పూలదండ పిల్లలకు, ప్రశంస తల్లిదండ్రులకు.

మా ఇంటి చివరి పాప ఆమీన్ నాడు మేము కేకుపై రెండు పలకలు నిలిపినాము. ఒకటి పాప పేరు, రెండవది చదువు చెప్పిన దాదీమా పేరు. ఉర్దూలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. ఏ కార్డునుండియు ఎత్తి వ్రాయలేదు. ఆమెనే అడిగి, ఆమె పలికిన తీరుననే, 'జోయ్'తో మొదలుపెట్టి వ్రాసినాము. ఆమె కళ్లద్దములు తెప్పించుకొని ఉర్దూ వరుసను అక్షరమక్షరము చదివినారు. తెలుగు వరుసను ఎదురింటి స్నేహితురాలు వ్రేలు పెట్టి చదివి వినిపించినది. "మేరా నామ్ ఇత్తా అచ్ఛా దిస్తా క్యా?" అన్నారు దాదీమా. నా పేరు ఇంత బాగుండునా అని! వచ్చిన చుట్టములలో ఆమె పేరును ఆ రోజుననే మొదటిసారి విన్నవారు ముగ్గురు నలుగురు ఉన్నారు. ఆమె వద్ద చదివి, నేడు పిల్లల తల్లులైనవారు లేచి వచ్చి ఆమె చేతులు కళ్లకద్దుకొన్నారు. ఆ పలకను ఆమె తినలేదు, ఎవరిని తిననీయలేదు. అది మూతగల డబ్బాలో ఆమె పెట్టెలో నేటికిని ఉన్నది. తెలుగు వరుసలోని మొదటి రెండు అక్షరములను ఆమె ఇప్పుడు పలకమీద వ్రాయగలరు; తక్కినవి నేర్చుకొనుచున్నారు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఐసింగు ఒక పూట అందము. కోసిన గడియకే పువ్వులు పోవును. అయినను ఒకరికొరకు కూర్చుండి, వారు తినునది, తిననిది విచారించి, వారి పేరును వారికి నచ్చిన తీరున తప్పులేకుండ వ్రాయుటలో ఒక శిక్షణ కలదు. తూకములో నిక్కము, చేతిలో నిదానము, ఎదుటివారి ఆచారము పట్ల మన్నన అందులో ఇమిడియున్నవి. మీ ఇంటను, మీ వీధిలోను తమ పేరు తామే మరచినంతగా ఇతరులకొరకు శ్రమించినవారు తప్పక ఉందురు. రానున్న శుభదినమున వారి పేరేమో వారినే అడిగి తెలిసికొనుడు. కేకు కాకున్న పాయసపు గిన్నె ప్రక్కనైనను, ఐసింగు లేకున్న సుద్దముక్కతోనైనను, ఆ పేరును అందరు చూచునట్లు వ్రాయుడు. ఉర్దూ వచ్చినవారు తెలుగువారిని, తెలుగు వచ్చినవారు ఉర్దూవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాసినచో ఇంకను మేలు.