వరుసలో మన వంతు

పలువురు కోరునది కొద్దిగా ఉన్నచోట వరుస తప్పదు. ముందు వచ్చినవారు ముందు, వెనుక వచ్చినవారు వెనుక అను నియమముకంటె సులభమైన న్యాయము లోకములో మఱియొకటి లేదు. దీనిని నేర్చుకొనుటకు పుస్తకములు అక్కరలేదు. ముంబయిలోని తెలుగువారి చాళ్ళలో పెరిగిన బిడ్డ నడక నేర్చిన కొలది దినములకే వరుసను కూడ నేర్చుకొనును.

మన పూర్వులు పందొమ్మిదవ శతాబ్దములో నిజాము రాజ్యమందలి తెలంగాణమునుండి ఈ నగరమునకు వలస వచ్చి, కట్టడముల పనులలో కూలిచేసి బ్రదికిరి. వారిని కామాఠీలని పిలిచిరి. వారు నివసించిన ప్రదేశము కామాఠిపుర మయ్యెను. అచటి చాళ్ళలో గది చిన్నది, నల్లా ఉమ్మడిది, నీరు వచ్చు సమయము మిక్కిలి కొద్దిది. అందుచేత నా బాల్యమున మా తల్లులు ఒక ఉపాయము నవలంబించెడివారు. తెల్లవారకముందే బిందెను నల్లాకడ వరుసలో నుంచి, ఇంటికి మరలి పొయ్యి వెలిగించుకొనెడివారు. మనిషి ఇంటిలో నున్నను వంతు నల్లాకడ నిలిచియుండెడిది. బిందె ఖాళీ లేనివారు ఒక డబ్బానో, ఇటుకనో ఉంచెడివారు. దానిని తొలగించు సాహసము ఎవరికిని లేదు. తొలగించినచో చాల్ అంతయు ఒక్కసారి మేలుకొనెడిది!

ఈ బిందె ఉపాయమే నేడు విజ్ఞానశాస్త్రపు వేషము ధరించి వినోదోద్యానములలో వెలసినది. మన నగరవాసులకు ఇట్టి ఉద్యానములు క్రొత్తవి కావు. 1989లో గోరాయియందు ఎస్సెల్‌వరల్డు ప్రారంభమయ్యెను. పడవపై ఖాడీ దాటి అచటికి పోయిన వారు మన తల్లిదండ్రులలో ఎందఱో కలరు. అది 2022లో మూతపడినది. 2013లో ఖోపోలి సమీపమున ఇమేజికా వెలసినది. ఇట్టిచోట్ల ఒక ఆటకు పట్టు కాలము రెండు మూడు నిమిషములు. దానికై నిలుచు కాలము ఒక్కొక్కప్పుడు గంటకు మించును.

ఈ బాధను తగ్గించుటకై 1999లో అమెరికాయందు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డువారు ఫాస్ట్‌పాస్ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆటకడ నున్న యంత్రములో ప్రవేశపు టిక్కెట్టు నుంచినచో ఒక చీటి వెలువడును. ఏ వేళకు తిరిగి రావలెనో దానిపై అచ్చుపడియుండును. అంతవరకు వేరొక ఆట ఆడుకొనవచ్చును, భుజింపవచ్చును, చెట్టు నీడను కూర్చుండవచ్చును. 2013లో ఆ చీటికి బదులు మేజిక్‌బాండు అను చేతిపట్టీ వచ్చినది. 2017లో ఆ రాష్ట్రముననే తెరచిన వాల్కనో బే అను జలోద్యానములో, ప్రవేశించిన ప్రతివారికిని ఇట్టి పట్టీ నిచ్చిరి. ఆటకడ నున్న స్తంభమునకు దానిని తాకించినచో వంతు నమోదయ్యెడిది. వేళ కాగానే పట్టీయే తెలిపెడిది.

దీని లోపలి మర్మము విద్యార్థులు తెలిసికొనదగినది. సామాన్యమైన పట్టీలో చిన్న చిప్పు, దానిని చుట్టియున్న సన్నని తీగ మాత్రమే ఉండును, బ్యాటరీ ఉండదు. ద్వారముకడ నున్న పరికరమునుండి వెలువడు రేడియో తరంగములే ఆ తీగకు శక్తి నిచ్చును. ఆ శక్తితో చిప్పు మేల్కొని తన సంఖ్యను పలుకును. ఆ సంఖ్య ఎవరిదో, వారి వంతు ఎప్పుడో ఉద్యానమువారి కంప్యూటరు వెదకి తెలిసికొనును. ఆట గంటకు ఎందఱి నెక్కించుకొనగలదు, ముందు ఎందఱున్నారు అను రెండు లెక్కలనుబట్టి మన వేళ నిర్ణయమగును.

మన తెలుగునాట తిరుమలయందును ఇట్టి ప్రయత్నము జరిగినది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులు గంటలకొలది వేచియుండుట మన మెఱిగినదే. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సుదర్శనం అను పేర భక్తుల మణికట్టునకు పట్టీ కట్టి దర్శనవేళను ముందుగా తెలుపు ఏర్పాటు అచట ఉండెడిది.

ఇంతవరకు ఈ విద్య మెచ్చదగినదే. కాని దీనికి రెండవ ముఖము కలదు. డిస్నీ వరల్డులో ఉచితముగా లభించిన ఫాస్ట్‌పాస్ 2021లో ముగిసి, దాని స్థానమున రుసుము గల పద్ధతి వచ్చినది. మన దేశపు ఉద్యానములలోను అధిక మూల్యమునకు శీఘ్రప్రవేశము నమ్ముట కలదు. కొందఱు పిల్లలతో కలసి నేను ఒక ఉద్యానమునకు పోయినపుడు, మా వరుస ప్రక్కనే మఱియొక ఖాళీ మార్గముండెను. వేరొక రంగు పట్టీలు ధరించినవారు దానివెంట వచ్చి, వచ్చినవారు వచ్చినట్లే ఎక్కి పోవుచుండిరి. కామాఠిపురపు బాలుడొకడు నన్నడిగెను: "సార్, గాళ్ళు మనెన్క వచ్చిండ్రు గదా, ముందుగాల ఎట్ల పోతున్రు?"

"ఎక్కువ పైసలు కట్టిండ్రు, బిడ్డా" అంటిని.

వాడు క్షణ మాలోచించి, "మరి గా పైసలు మనకియ్యాలె గద సార్, వంతు మనది గద?" అనెను.

అర్థశాస్త్రము చదివినవారును ఇంతకంటె సూటిగా అడుగజాలరు. లెక్క వేసి చూతము. ఒక బండిలో ఇరువదిమంది పట్టుదురనియు, మూడు నిమిషముల కొకసారి అది తిరుగుననియు అనుకొందము. గంటకు 400 మంది ఎక్కుదురు. మనకు ముందు 600 మంది ఉన్నచో మన వంతు గంటన్నరకు వచ్చును. గంటకు 100 స్థానములు శీఘ్రప్రవేశము కొన్నవారికి పోయినచో మిగిలినవి 300. అప్పుడు మన వంతు రెండు గంటలకు గాని రాదు. చేతిపట్టీ బండిలో ఒక్క ఆసనమునైనను పెంచలేదు. ఒకరికి మిగిలిన కాలము వేరొకరి కాలమునుండి తీసినదే.

ఒక్క దినమే తీరిక గల కుటుంబము డబ్బిచ్చి కాలము మిగుల్చుకొనుటలో తప్పేమి, ఆ రాబడివలన ఉద్యానము నడచును గదా యని కొందఱందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. కాని దినకూలిని వదలుకొని, బిడ్డ కోరిక తీర్చుటకు వచ్చిన హమాలీకిని ఆ దిన మొక్కటే. అతని అరగంట విలువను ఎవరును అడుగలేదు.

చాల్‌లోను కొందఱికి ముందు వంతు లభించెడిది. నిండు గర్భిణి బిందెను, ముసలమ్మ బిందెను వరుసలోని వారే ముందునకు జరిపెడివారు. అందు ఎవరికిని కష్టము తోచలేదు. వరుస తనంతట తా నిచ్చిన స్థానము వేఱు. వరుసలోనివారి నడుగక ఇతరులు అమ్మిన స్థానము వేఱు. ఈ భేదమును గుర్తించుట మన పిల్లలకు అవసరమని నా యభిప్రాయము.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను ఇట్టిచోట్లకు తీసికొనిపోవునపుడు పట్టీకి వేఱుగా రుసుము కలదా, మీ ఫోను సంఖ్య మొదలగు వివరములు ఎందుకు అడుగుచున్నారు అని తెలిసికొనుడు. ఏ ఆటకు ఏ వేళ పోయినదియు ఆ పట్టీ మూలమున లెక్కకెక్కును.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇంజనీర్లై ఇట్టి పద్ధతులను మీ చేతులతోనే రూపొందింతురు. అప్పుడు మొదటివాడు ఎంత త్వరగా పోవుననియే గాక, కడపటివాడు ఎంతసేపు నిలుచుననియు లెక్క వేయుడు. ఆ లెక్కను వాని కంటికి కనబడునట్లు ద్వారముకడ వ్రాసియుంచుడు.