హైదరాబాద్ టు డాలస్.. అసలు ఎన్ని గంటలు?

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమో ఫోన్‌లో కొట్టి చూడండి. దాదాపు 14,400 కిలోమీటర్లు అని వస్తుంది. ఇంట్లో గ్లోబు ఉంటే ఇంకా మజా. ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్యా బిగించి పట్టుకోండి. మ్యాపులో చూసి మనం అనుకునేట్టు అది యూరప్, అట్లాంటిక్ మీదుగా పోదు. నేరుగా పైకెళ్లి, ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దూరంలోంచి దాటి, అటువైపు అమెరికాలోకి దిగుతుంది.

ఆ దారం మీద మాత్రం ఏ విమానమూ పోదు. డైరెక్ట్ ఫ్లైట్ లేదు. విమానానికి చేతకాక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండానే వెళ్తున్నాయి కదా! రోజూ సీట్లు నిండాలి, అంత ఇంధనం ఖర్చు గిట్టుబాటు కావాలి. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకి డైరెక్ట్ మొదలైంది గానీ నిలవలేదు. అందుకే మనవాళ్లకి దుబాయ్, దోహాలే దిక్కు. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు, తర్వాత డాలస్‌కి పదహారు గంటలు. తిరిగొచ్చేటప్పుడు గంటో గంటన్నరో తగ్గుతుంది. పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది.

ఇదంతా నాకు ఒక్క రాత్రిలో వంటబట్టింది.

మా ఊరు సూర్యాపేట దగ్గర. మంగళవారం పొద్దున ఆరింటికి నాయనమ్మ పోయింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే అక్కడ ఇంకా సోమవారం రాత్రి ఏడున్నర. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడట. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట టికెట్ గురించి కాదు. "నా స్టాంపింగ్ డేట్ ఎప్పటిదాకా ఉందిరా?" అని. అమెరికాలో ఉన్నోళ్ల ఇళ్లల్లో ఈ మాట అర్థం కానివాళ్లు ఉండరు. అదృష్టం, ఇంకా నాలుగు నెలలుంది.

అన్నయ్యని పెంచింది నాయనమ్మే. "పెద్దోడు వచ్చేదాక ఆగుదాం" అన్నాడు నాన్న. ఫ్రీజర్ పెట్టె తెప్పించాం. ఊళ్లో పెద్దవాళ్లు కొందరు గొణిగారు, అన్ని గంటలు శవాన్ని ఉంచుతారా అని. నాన్న వినలేదు.

దొరికిన మొదటి ఫ్లైట్ మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి. అంటే మనకి మంగళవారం రాత్రి పదిన్నర. నేను పెట్టె పక్కనే కూర్చుని ఫోన్‌లో విమానాన్ని చూస్తూనే ఉన్నా. చిన్న పసుపు బొమ్మ, ఎంతసేపు చూసినా కదిలినట్టే అనిపించదు. దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగి, బుధవారం రాత్రి తొమ్మిదింపావుకి శంషాబాద్‌లో దిగాడు. బయటికి రావడానికి ముప్పావు గంట, ఊరికి కారులో మూడు గంటలు.

టికెట్ మీద ప్రయాణం ఇరవైమూడు గంటలు. మా ఇంట్లో లెక్క నలభైమూడు.

గురువారం తెల్లారితే దహనం. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి కారు వాకిట్లో ఆగింది. అన్నయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చి, పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టాడు. చేతి వాచీలో టైమ్ మార్చుకోలేదు. అందులో ఇంకా బుధవారం మధ్యాహ్నం రెండున్నర.