పేగులలోని సూక్ష్మజీవులు – పటాన్‌చెరు చెప్పే పాఠం



బ్యాక్టీరియా అన్న మాట వినగానే మనకు రోగమే గుర్తుకు వస్తుంది. కానీ ఈ వ్యాసం చదువుతున్న మీ శరీరంలో ఇప్పుడు సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా నివసిస్తున్నాయని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మన సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. అన్ని బ్యాక్టీరియానూ కలిపి తూచినా 200 గ్రాములకు మించవు. వాటిలో అత్యధిక భాగం మన పెద్దపేగులోనే ఉంటుంది.

ఇవి అక్కడ ఊరికే కూర్చొని ఉండవు. జొన్నరొట్టెలో, పప్పులో, ఆకుకూరల్లో ఉండే పీచును జీర్ణం చేసుకొనే శక్తి మనకు లేదు. ఆ పనిని బ్యాక్టీరియా చేసి, పీచును పులియబెట్టి, బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధానమైన ఇంధనం ఆ బ్యుటిరేటే. విటమిన్ కె కొంత ఇక్కడే తయారవుతుంది. మన రోగనిరోధక వ్యవస్థ ఎవరు మిత్రులో, ఎవరు శత్రువులో నేర్చుకొనేదీ ఇక్కడే. అన్నిటినీ మించి, ఇవి పేగులో చోటు ఆక్రమించి ఉండడం వల్ల రోగకారక క్రిములకు స్థలం దొరకదు. యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు కొందరికి విరేచనాలు పట్టుకోవడానికి ఒక కారణం ఈ కాపలాదారులు నశించడమే.

ఈ కణం ఎలా కట్టబడి ఉంది?

మన కణంలో డీఎన్‌ఏ కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు. వలయంలాంటి డీఎన్‌ఏ దారం కణద్రవ్యంలోనే చుట్టలు చుట్టుకొని ఉంటుంది. చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన కణకవచం ఉంటుంది. మన కణాలకు అటువంటి గోడ లేదు. పెన్సిలిన్ ఆ గోడ నిర్మాణాన్ని అడ్డుకొంటుంది. కాబట్టి అది బ్యాక్టీరియాను చంపుతుంది గాని, మన కణాల జోలికి రాదు.

1884లో డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షతో వీటిని రెండు వర్గాలుగా గుర్తిస్తాము. గోడ దళసరిగా ఉండి ఊదారంగును నిలుపుకొనేవి గ్రామ్ పాజిటివ్. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ ఈ వర్గానిది. గోడ పలుచగా ఉండి, దానిపై మరొక పొర కప్పుకొన్నవి గ్రామ్ నెగటివ్. మన పేగుల్లో నివసించే ఇ.కోలై ఈ రెండవ వర్గానికి చెందినది. ఆ పైపొర అనేక మందులను లోపలికి రానివ్వదు. ఆ పొరలోని లిపోపాలీశాకరైడ్ అనే పదార్థం రక్తంలోకి చేరితే తీవ్రమైన జ్వరం వస్తుంది, రక్తపోటు పడిపోతుంది. పేగులో ఉన్నంతకాలం సాధువుగా ఉండే ఇ.కోలై చోటు మారితే ప్రాణాంతకం కావడానికి ఇదొక కారణం.

కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోములు మన రైబోసోముల కంటే చిన్నవి, నిర్మాణంలో వేరు. టెట్రాసైక్లిన్ జాతి మందులు వాటిని పట్టుకొంటాయి. ఆ జాతిలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అది వెలువడిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇక సిప్రోఫ్లాక్సాసిన్ మరో దారి పట్టింది. బ్యాక్టీరియా తన డీఎన్‌ఏ మెలికలను సరిచేసుకోవడానికి వాడే గైరేజ్ అనే ఎంజైమును అది స్తంభింపజేస్తుంది.

వీటికి తోడు చాలా బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం విడిగా ఉంటుంది. ఒక బ్యాక్టీరియా సన్నని నూలుపోగు వంటి పైలస్‌ను చాచి, పక్కదానితో కలిసి, ఆ వలయానికి ఒక నకలు అందిస్తుంది. పక్కింటివారికి పాలలో తోడు వేసుకోవడానికి కొంచెం పెరుగు ఇస్తే మన గిన్నెలో పెరుగూ ఉంటుంది, వారి పాలూ తోడుకొంటాయి. ఇదీ అంతే. మందులను తట్టుకొనే జన్యువు ఆ వలయంలో ఉంటే, అది ఒక జాతి నుంచి మరో జాతికి కూడా చేరగలదు.

నక్కవాగులో మందులు

నా ఉద్యోగ జీవితంలో పెక్కు సంవత్సరాలు నాటి మెదక్ జిల్లాలో, సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కలే గడిచాయి. వాగు నీళ్లు తాగి బర్రెలు చచ్చాయని, మడిలో పైరు మాడిపోయిందని రోగులు తమ జబ్బుతో పాటు చెప్పుకొనేవారు. 1990లోనే ఈ కాలుష్యం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. పటాన్‌చెరులోనే వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు దశాబ్దాలపాటు ఈ పోరాటాన్ని నడిపారు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు దాదాపు 45 కిలోల మందు ఆ నీటిలో పోతున్నదని, అది స్వీడన్ దేశమంతా 5 రోజుల్లో వాడే పరిమాణమని లెక్కకట్టారు. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి చేరేది. 2009లో వెలువడిన మరొక పరిశోధన ఈ ప్రాంతపు గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలను చూపింది.

మరి ఇక్కడి ప్రజల పేగుల్లో ఏం జరిగింది? మన విషయానికి కీలకమైన ప్రశ్న ఇదే. 2014లో వెలువడిన ఒక పరిశోధన దీనికి జవాబు వెదికింది. గైరేజ్ ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ బారి నుంచి కాపాడే క్యూఎన్‌ఆర్ అనే జన్యువులున్నాయి. ఇవి ఎక్కువగా ప్లాస్మిడ్ల మీద ప్రయాణిస్తాయి. కలుషిత గ్రామాల ప్రజల మలంలో, దూరపు గ్రామాల ప్రజల మలంలో, స్వీడన్ వారి మలంలో వీటికోసం పరీక్షించారు. వాగు అడుగున ఉన్న బురద నమూనాలన్నింటిలో ఈ జన్యువులు కనిపించాయి. మందు ఎక్కువగా ఉన్నచోట ఇవీ ఎక్కువగానే ఉన్నాయి. కానీ మనుషుల దగ్గరకు వచ్చేసరికి, కలుషిత గ్రామాలవారిలో ఇవి అధికంగా ఉన్నట్లు ఆధారం దొరకలేదు. భారతీయుల నమూనాలన్నీ కలిపి చూస్తే 91 శాతంలో ఈ జన్యువులు ఉన్నాయి. స్వీడన్ వారిలో 24 శాతం మాత్రమే.

అంటే వాగు ఒడ్డున ఉన్నవారి పేగులకూ, వాగు చూడనివారి పేగులకూ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. ఈ జన్యువులు ప్రస్తుతం ప్రధానంగా మనిషి నుంచి మనిషికే పాకుతున్నాయని పరిశోధకులు భావించారు.

దీనిని పరిశ్రమలకు ఇచ్చిన క్షమాపత్రంగా నేను చదవను. మందు నిండిన బురదలో జన్యువులు పోగుపడడం రుజువైన విషయమే. వాటిలో ఏది రేపు ఏ రోగక్రిమికి చేరుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. వ్యర్థజలాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 నాటి తుది నియమాల్లో అవి లేకుండా పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయమై మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని ఇక్కడ అమలు చేయమని అడిగే హక్కు మనకు ఉంది. అయితే వాగును తప్పుపట్టి మనం చేతులు దులుపుకొనే వీలు కూడా లేదు.

మనకు నష్టం ఏమిటి?

ఈ జన్యువులున్న బ్యాక్టీరియా పేగులో ఉన్నా మనకేమీ తెలియదు. ఆకలి బాగుంటుంది, పని చేసుకొంటాము. కానీ ఆడవారిలో తరచుగా వచ్చే మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లకు అధికశాతం కారణం వారి పేగులోని ఇ.కోలైయే. నా తొలినాళ్లలో రెండు మూడు రోజుల గోలీలతో తగ్గిన ఆ జబ్బుకు, పదవీ విరమణ నాటికి ఇంజక్షన్లు ఎక్కించవలసిన రోగులను చూశాను. కూలికి పోయే ఇల్లాలు అయిదారు రోజులు దవాఖానాలో పడి ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో మీరే ఊహించండి.

“జరం తగ్గంగనే బంద్ చేసిన సారూ, మిగిలిన గోలీలు మనుమనికి దాచిపెట్టిన” అని ఎందరో పెద్దవాళ్లు నాతో అన్నారు. అది వారి పొదుపు బుద్ధి. కానీ ఆ మనుమడి జలుబు వైరస్ వల్ల వచ్చినదైతే, వైరస్‌కు కణకవచం లేదు, రైబోసోములు లేవు, గైరేజ్ లేదు. మందు పట్టుకోవడానికి అక్కడ ఏదీ లేదు. అది పోయి చంపేది ఆ పిల్లవాని పేగులోని మంచి బ్యాక్టీరియానే. అప్పుడు మందును తట్టుకొనేవి మాత్రమే మిగిలి, ఖాళీ అయిన చోటంతా నిండుతాయి.

కనుక పాఠకులకు నా మనవి ఇది. మందు పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, వైద్యుని చీటీ లేకుండా దానిని కొనకండి. వైద్యుడు రాసినప్పుడు చెప్పినన్ని రోజులు వాడండి, మిగిలినవి ఇతరులకు ఇవ్వకండి. పిల్లలకు నీళ్ల విరేచనాలైతే మొదట ఓఆర్‌ఎస్, జింకు ఇవ్వండి. రక్తం పడినా, జ్వరం తీవ్రంగా ఉన్నా, బిడ్డ నీరసించి పాలు, నీళ్లు తాగకపోయినా వెంటనే దవాఖానాకు తీసుకువెళ్లండి. మలవిసర్జన తరువాత, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మనిషి నుంచి మనిషికి పాకేదానికి మన చేతిలో ఉన్న అడ్డుకట్ట అదే. జొన్నరొట్టె, పప్పులు, కూరగాయలు, చల్ల మన పెద్దలు మనకు అలవాటు చేసినవే. వాటిని మానకండి.

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు ఉంటే వాటిని ఎవరికీ ఇవ్వవద్దు, మీరూ మింగవద్దు. తరువాతిసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, “ఈ జబ్బుకు యాంటీబయాటిక్ అవసరమేనా?” అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడిగిన రోగి మీద నాకెన్నడూ కోపం రాలేదు.

అందరికీ ఆరోగ్యం కలగాలని కోరుకుంటూ, సెలవు.