మోయడం వేరు, నిలపడం వేరు

2010 చలికాలంలో నెల్లూరులో మా వీధి డాక్టరు గారు ఒక లెన్సు కొన్నారు. కానన్ 600 మిల్లీమీటర్లు, ఎఫ్/4, 1999లో వచ్చిన మోడలు. మద్రాసులో ఒక పెద్దాయన వాడి వదిలేసింది. బరువు 5.36 కిలోలు. పెట్టెలోంచి బయటికి తీస్తుంటే ఆయన డ్రైవరు "ఏంది సార్, ఫిరంగి కొన్నారా?" అన్నాడు. పక్షుల ఫొటోలకని చెప్పినా అతని అనుమానం తీరలేదు.

దానికి సరిపోయే స్టాండు ఎంచే పని డాక్టరు గారు నా మీద పెట్టారు. నాకు కెమెరాల గురించి పెద్దగా తెలీదు. నీటిపారుదల శాఖలో సర్వే పని చేసి రిటైరైనవాణ్ణి. కండలేరు నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల తెలుగుగంగ కాలువ ఉందే, అందులో కొంత భాగానికి థియోడలైట్ పట్టుకుని ఎండలో తిరిగినవాళ్లలో నేనొకణ్ణి. "ఇంజనీరు గారూ, మూడుకాళ్లతో మీరు కాపురం చేశారు. మీరు చూసి బాగుందంటే కొంటాను" అన్నారు.

థియోడలైట్ స్టాండుకు మా రోజుల్లో చెక్క కాళ్లు, కింద ఇనుప బూట్లు. బూటును కాలు వాలిన దిక్కుగానే తొక్కి నేలలో దింపాలి. నిలువుగా తొక్కితే కాసేపటికి కాలు సర్దుకుంటుంది, బబుల్ పక్కకు పోతుంది. వాలు నేలలో రెండు కాళ్లు పల్లానికి, ఒకటి మెరకకు. రీడింగు తీసేటప్పుడు ఖలాసీ పక్కన అటూ ఇటూ నడిచినా మా పైఅధికారి కసిరేవాడు. పరికరం కూలుతుందేమోనన్న భయం మాలో ఎవరికీ ఉండేది కాదు. కదులుతుందేమోనన్నదే భయం. ఈ రెండూ ఒకటి కావని బజారులో స్టాండు కొనేవాళ్లలో చాలామందికి తట్టదు.

ఆ సాయంత్రం డాక్టరు గారి మిద్దె మీద కూర్చుని కాగితం మీద ఒక లెక్క వేశాను. ఆయన కెమెరా కానన్ 7డి. దాని సెన్సరు మీద ఒక్కో పిక్సెల్ 4.3 మైక్రాన్లు. 600 మిల్లీమీటర్ల లెన్సు వెనక ఆ పిక్సెల్ పట్టే కోణం సుమారు ఒకటిన్నర సెకను. అంటే డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం. కాలువ మీద నేను వాడిన వెర్నియర్ థియోడలైట్ చదవగలిగిన అతి చిన్న కోణం 20 సెకన్లు. ఆ 20 సెకన్ల కోసమే మేం గాలికి గొడుగు అడ్డం పట్టేవాళ్లం. లెక్క చూపిస్తే డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని "అయితే మీ పరికరం కంటే నాదే సుకుమారం" అన్నారు.

అంతకుముందు నుంచీ ఆయన దగ్గర ఒక స్టాండు ఉంది. సన్నని కాళ్లు, నాలుగు మెట్లు, నడిమధ్య పైకి లేచే కడ్డీ, దాని మీద బాల్ హెడ్. పెట్టె మీద మోయగల బరువు గొప్పగానే రాశారు. లెన్సు బిగించి దూరంగా ఉన్న సెల్ టవరు బోర్డు మీదికి తిప్పాం. లైవ్ వ్యూలో పదింతలు పెంచి చూస్తే అక్షరాలు వణుకుతున్నాయి. లెన్సు మూతిని వేలితో మెల్లగా తట్టాను. బొమ్మ ఊగి ఊగి, నేను ఐదు లెక్కపెట్టినా నిలవలేదు. మధ్య కడ్డీ పూర్తిగా దించాక కొంత నయం. ఆ కడ్డీ ఎత్తితే మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలిపినట్టే. తర్వాత బాల్ హెడ్ మర వదులు చేయగానే లెన్సు పక్కకు ఒరిగిపోయింది. డాక్టరు గారు ఆపరేషన్ థియేటరు చురుకుతో దాన్ని పట్టుకున్నారు. స్టాండు మాత్రం కూలలేదు. పెట్టె మీది అంకె అబద్ధం కాదు. ఆ అంకె మన ప్రశ్నకు జవాబు కాదు, అంతే. బరువును ఏ కంపెనీ ఏ పద్ధతిన కొలవాలో అందరికీ ఒకటే నిబంధన లేదు. తట్టాక ఎంతసేపటికి నిలుస్తుందో ఎవరూ రాయరు.

మద్రాసు వెళ్లాం. లెన్సు, కెమెరా వెంట తీసుకుపోదామని పట్టుబట్టింది నేనే. దుకాణం కుర్రాడికి మా వాలకం వింతగా ఉంది. మూడు స్టాండ్లు వరసగా నిలబెట్టించాం.

మొదటిది పెళ్లిళ్ల వీడియోవాళ్లు వాడే బరువైన అల్యూమినియం స్టాండు. గట్టిగానే ఉంది. చెరువు గట్టు మీద దాన్ని మోసుకుపోవాలంటే ఇంకో మనిషి కావాలి. రెండోది చేతికి తేలిగ్గా తగిలే కార్బన్ ఫైబర్ స్టాండు, మళ్లీ నాలుగు మెట్లు, మధ్య కడ్డీ. పై పలకను రెండు చేతులా పట్టి మెలితిప్పి చూశాను. కాళ్ల మొదట్లో కీళ్లు లొంగుతున్నాయి. గాలి లెన్సు హుడ్‌ను పట్టినప్పుడు చేసే పని సరిగ్గా ఇదే, మెలితిప్పడం.

మూడోది జిట్జో. 1917లో ఫ్రాన్సులో మొదలైన కంపెనీ, 1994లో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చింది. మోడలు పేరు జిటి3530ఎల్ఎస్. ఆ అంకెల్లోనే సగం సంగతి ఉందని దుకాణం కుర్రాడు విడమరచి చెప్పాడు. మొదటి 3 కాళ్ల లావు తరగతి. 5 అంటే కార్బన్. తర్వాతి 3 అంటే మూడు మెట్లు. ఎల్ అంటే పొడవైనది. ఎస్ అంటే సిస్టమాటిక్, పైన చదునైన పలకే తప్ప మధ్య కడ్డీ లేని రకం. ఒక్కో కాలు పైగొట్టం 32 మిల్లీమీటర్లు. పక్కనున్న రెండో స్టాండుకు 28. నాలుగు మిల్లీమీటర్లకు ఇంత ధర తేడానా అని డాక్టరు గారు నా వైపు చూశారు. గోడ మందం ఒకటే అయితే పలచని గొట్టం బిగువు వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 28కీ 32కీ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర రెట్లు. కాలువ మీద గొట్టాల లెక్కలు చేసినవాణ్ణి కాబట్టి అది చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. మెట్లు ఎన్ని ఎక్కువైతే చివరి గొట్టం అంత సన్నం, కీళ్లు అన్ని ఎక్కువ. అందుకే మూడు మెట్లది చాలన్నాను.

ఎత్తు దగ్గర కాసేపు వాదన నడిచింది. డాక్టరు గారు ఆరడుగుల మనిషి. కాళ్లు సమనేల మీద ఆయన కంటికి సరిపోతే సరిపోదు, గట్టు వాలులో ఒక కాలు కిందికి పోతుంది, అక్కడికి అదనపు పొడవు కావాలి. చివరికి దుకాణం బయటి బోర్డును చూస్తూ వేలితో తట్టాం. ఒకటి, రెండు అనేలోగా బొమ్మ నిలిచింది. డబ్బు కట్టేటప్పుడు మాత్రం డాక్టరు గారు నా ముఖం చూడలేదు.

హెడ్ విషయంలో నేను శిష్యుణ్ణి. డాక్టరు గారే అమెరికాలో తయారయ్యే వింబర్లీ గింబల్ హెడ్ ఎవరో బంధువుతో తెప్పించుకున్నారు. అది లెన్సును ఉయ్యాలలో వేసినట్టు పట్టుకుంటుంది. లెన్సు కాలి కింది పలకను ముందుకూ వెనక్కూ జరుపుతూ బరువు కేంద్రం సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా చూడాలి. కుదిరిందంటే మర వదిలేసినా మూతి ఎటు తిప్పితే అటే ఆగుతుంది. బాల్ హెడ్ మీద బరువు ఎప్పుడూ పైన నిలబడి పడిపోవాలని చూస్తుంది. ఇక్కడ పడిపోవాలన్న కోరికే ఉండదు.

అసలు పరీక్ష పులికాట్‌లో జరిగింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, దూరంగా రాజహంసలు. రోడ్డు అంచున స్టాండు వేశాం. షార్ అంతరిక్ష కేంద్రం బస్సు ఒకటి దూసుకుపోగానే నేలే అదిరింది. ఎంత గొప్ప కాళ్లయినా నేల అదిరితే చేసేదేముంది? రోడ్డు దిగి ఎండిన చెరువు మట్టిలోకి పోయాం. పైన గట్టి పొర, కింద మెత్తన. కాలువ పనిలో నల్లరేగడిలో మేం చేసినట్టు మూడు చెక్కముక్కలు కాళ్ల కింద పెట్టించాను. సముద్రం గాలి ఈడ్చి కొడుతోంది. హుడ్ తీసేయమన్నాను. కాళ్లు సగం మూయించి, డాక్టరు గారిని మడత స్టూలు మీద కూర్చోబెట్టాను. బరువు కోసం పలక కింది కొక్కేనికి ఆయన సంచి తగిలిస్తే అది గాలికి ఊగుతూ స్టాండునే ఊపడం మొదలుపెట్టింది. తాడు పొడవు చేసి సంచి అడుగు నేలకు ఆనేలా కడితే కుదురుకుంది.

అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న నేలపట్టులో ఇంకో సంగతి తెలిసింది. నీళ్లలో మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతున్నాయి. పొద్దు వాలుతోంది, షట్టరు అరవయ్యో వంతు సెకనుకు దిగింది. అక్కడి నుంచి నాలుగో వంతు సెకను దాకా కెమెరా లోపలి అద్దం లేచే దెబ్బే బొమ్మను చెదరగొడుతుంది. డాక్టరు గారు ఎడమ చెయ్యి లెన్సు మీద బరువుగా వేసి, కనుబొమ వ్యూఫైండరుకు ఆనించి మీట నొక్కారు. తాకొద్దనే మా థియోడలైట్ నీతికి ఇది పూర్తిగా వ్యతిరేకం. మొదట వద్దన్నాను. తెరమీద చూశాక నోరు మూసుకున్నాను. ఆయన చేతి బరువు ఆ కంపాన్ని మింగేసింది. పిల్ల తల దూర్చిన తల్లి ముక్కు మీద ఒక్కో చుక్కా లెక్కపెట్టవచ్చు.

ఉప్పు నీళ్ల నుంచి తిరిగొచ్చాక కాళ్ల మరలు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం మాకు అలవాటైంది. ఇసుక రేణువు ఒక్కటి చిక్కినా మర బిగిసినట్టే అనిపించి జారుతుంది.

ఎఫ్/4 600 లెన్సు 2018 మోడలుకు 3.05 కిలోలకు దిగింది. డాక్టరు గారు పాతది అమ్మి అదే కొన్నారు. లెన్సే తేలికైంది కదా, ఇక ఈ మోపు దేనికని ఎవరో సలహా ఇచ్చారట. నాకు ఫోను చేశారు. లెన్సు బరువు తగ్గిందే గానీ అది పట్టే కోణం అదేగా అన్నాను. బరువు తగ్గినంత మాత్రాన గాలి నెమ్మదించదు. పైగా తేలికైన వస్తువును గాలి ఇంకా సులువుగా కదుపుతుంది. స్టాండు ఉంచేశారు.

ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడేది వాళ్లమ్మాయి. ఆమెది ఐదడుగుల పైన కాస్త. కాళ్లు మరీ పొడవు, పొట్టిది కొనుక్కోనా అంకుల్ అని అడిగింది. అడుగు మెట్టు అసలు తెరవకుండా పై రెండే వాడమన్నాను. సన్నని గొట్టం లోపలే ఉండిపోతుంది కాబట్టి ఆమె చేతిలో ఆ స్టాండు వాళ్ల నాన్న చేతిలో కంటే గట్టిది.