ఇంజను ఆపినా ఆగని చప్పుడు

పిల్లలూ! డాక్టరు మీ రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించి ఏం వింటాడో ఎప్పుడయినా ఆలోచించారా? లోపలి గుండె ఆయనకు కనిపించదు. దాని చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆ చప్పుణ్ణి బట్టి లోపలి సంగతి తెలుసుకుంటాడు. 1816లో పారిస్ నగరంలో లేనెక్ అనే వైద్యుడు ఒక రోగి గుండె చప్పుడు వినటానికి కాగితాలను గొట్టంలాగా చుట్టి, ఒక కొసను ఆమె రొమ్ముకూ, రెండో కొసను తన చెవికీ ఆనించాడు. చప్పుడు ఎంతో స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు పుట్టింది అట్లాగే.

మోటారు సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు కూడా ఇంచుమించు ఇదే పని చేస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు తాకించి, పిడిని చెవికి ఆనించి వింటారు. లోహం చప్పుణ్ణి బాగా మోసుకుపోతుంది. అయితే ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. ఒక చోట పుట్టిన చప్పుడు లోహమంతా పాకి, మరొక చోట పుట్టినట్టు వినిపించవచ్చు. అప్పుడు చెవి ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి. అట్లాంటి లెక్క ఒకటి మీకు చెబుతాను.

మా వీధిలో పాలు పోసే అతనికి రెండు గేదెలూ, ఒక పాత మోటారు సైకిలూ ఉన్నాయి. తెల్లవారుజామునే పాల క్యాన్లు బండికి అటూ ఇటూ తగిలించుకుని బయలుదేరతాడు. పోయిన వానాకాలంలో ఆ బండి నుంచి "టక్... టక్..." అని కొత్త చప్పుడు రాసాగింది. రోజురోజుకూ అది ఎక్కువయింది. బజారులో చూపిస్తే, ఇంజను బోరుకొచ్చిందనీ, విప్పి బాగుచెయ్యాలంటే పదివేల దాకా అవుతుందనీ చెప్పారట.

"అంత డబ్బు ఎక్కణ్ణించి తెచ్చేది, మేష్టారూ? ఒక గేదెను అమ్మితే గాని బండి బాగుపడదు. అమ్మితే పాలు సగమయిపోతాయి," అన్నాడతను నాతో.

అతని కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడు పక్కనే నిలబడి, "నిన్న పెట్రోలు అయిపోతే నాన్నా నేనూ బండి తోసుకొచ్చాం, మేష్టారూ. అప్పుడు కూడా టక్కుమన్నదండీ!" అన్నాడు.

ఈ ఒక్క మాటలో ఎంత విషయం ఉన్నదో చూశారా? ఇంజనులో సిలిండరు అనే గొట్టం ఉంటుంది. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. గొట్టం అరిగి వదులయితే పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుని చప్పుడు చేస్తుంది. దాన్నే బోరుకు రావటం అంటారు. కాని ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి బండిని తోస్తే పిస్టన్ కదలదు. కదలని పిస్టన్ ఎట్లా కొట్టుకుంటుంది?

మరొక సంగతి. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా నడిచే ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిరుగుతుంది. 1,200 చుట్లు అనుకుందాం. అంటే సెకండుకు 20 చుట్లు. చుట్టుకొక దెబ్బ చొప్పున పడితే వాటిని ఎవరు లెక్కపెట్టగలరు? అన్నీ కలిసి "టకటకటక" మని ఒకటే మోతగా వినిపిస్తాయి. పాలబండి చప్పుడు అట్లా లేదు. ఒకటి, రెండు, మూడు అని తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. కనుక నిదానంగా తిరిగే వస్తువేదో ఆ చప్పుడు చేస్తున్నది.

మర్నాడు సాయంత్రం బండిని మా వాకిట్లో డబుల్ స్టాండు మీద నిలబెట్టించాను. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను. ముందు చక్రం తిప్పి చూశాం. చప్పుడు లేదు. ఇక మిగిలినవి మూడు: వెనక చక్రం, దాన్ని తిప్పే చైను, ఇంజను పక్కన చైనును లాగే చిన్న పళ్ళచక్రం. చైను మీది కవరూ, చిన్న పళ్ళచక్రం మీది మూతా విప్పించి, కుర్రవాణ్ణి లెక్కపెట్టమన్నాను. వెనక పళ్ళచక్రానికి 42 పళ్ళు, ముందుదానికి 14 పళ్ళు, చైనుకు 104 లింకులు ఉన్నాయి.

"ఒరే అబ్బాయ్, చక్రం తిప్పకముందే లెక్క చెప్పు. వెనక చక్రం పది చుట్లు తిరిగితే ఏది ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడిగాను.

వాడు నేల మీద సుద్దతో వేసిన లెక్క ఇదీ: ఒక్కొక్క పన్నుకు ఒక్కొక్క లింకు జరుగుతుంది. పది చుట్లకు 10 × 42 = 420 లింకులు జరుగుతాయి. ముందు పళ్ళచక్రం 420 ÷ 14 = 30 చుట్లు తిరుగుతుంది. చైను 420 ÷ 104, అంటే నాలుగు చుట్ల మీద రవంత తిరుగుతుంది. కనుక జబ్బు ముందు పళ్ళచక్రానిదయితే 30 టక్కులు, వెనక చక్రానిదయితే 10, చైనుదయితే 4 వినిపించాలి!

టైరు మీద సుద్దతో గీత గీశాం. తండ్రి చక్రాన్ని చేత్తో మెల్లిగా తిప్పుతుంటే కుర్రవాడు చుట్లు లెక్కపెట్టాడు, నేను టక్కులు లెక్కపెట్టాను. పది చుట్లూ అయ్యేసరికి సరిగా నాలుగు టక్కులు!

అయినా ఒక్క రుజువుతో ఊరుకోకూడదు గదా? ఈసారి టక్కుమనగానే చక్రం ఆపించి, అప్పుడు ముందు పళ్ళచక్రం మీదికి వచ్చిన లింకుకు సుద్ద పూశాం. రెండోసారీ, మూడోసారీ కూడా అదే లింకు వచ్చింది. కవరు కింద ఎవరికీ కనబడకుండా వానకు తుప్పు పట్టి ఆ లింకు బిగుసుకుపోయింది. తక్కిన లింకులు సులువుగా వంగుతుంటే, అది మాత్రం మడిచిన మోకాలులాగా ఉండిపోయి, పళ్ళ మీదికి ఎక్కేటప్పుడు టక్కున పడుతున్నది. ముందు పళ్ళచక్రం ఇంజనును ఆనుకునే ఉంటుంది. అందుచేత ఆ దెబ్బ ఇంజను లోపలే పడినట్టు వినిపించింది. బజారులో అట్లా చెప్పటంలో వింత లేదు.

అట్లాంటి లింకు ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగిన చైను వెనక చక్రానికి చుట్టుకుంటే చక్రం ఒక్కసారిగా బిగిసిపోయి, బండి మనిషిని విసిరికొడుతుంది. ఇంజను బాగుచేయించి, ఆ చైనునే మళ్ళీ తగిలించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి! తెల్లవారేలోగా పాలబండిని చైను మార్పించటానికి పంపాం. అరిగిన పళ్ళ మీద కొత్త చైను కూడా త్వరగా అరిగిపోతుంది గనక, చైనుతోబాటు రెండు పళ్ళచక్రాలూ మార్పించారు. అయిన ఖర్చు ఇంజను పనికి చెప్పినదానిలో చాలా కొద్ది భాగం. రెండు గేదెలూ కొట్టంలోనే ఉన్నాయి.

పిల్లలూ, చప్పుడు విన్నప్పుడు దాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. బండి నిలబడి ఉన్నా వస్తున్నదా? ఇంజను ఆపినా వస్తున్నదా? చల్లటి ఇంజనులో వచ్చి, వేడెక్కాక తగ్గుతున్నదా? అట్లా అయితే పిస్టన్ వదులు కావచ్చు, ఎంచేతనంటే వేడికి లోహం వ్యాకోచించి సందు తగ్గుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తున్నదా? అయితే సిలిండరులో పెట్రోలు వేళ తప్పి మండుతూ ఉండవచ్చు. ఒక్కొక్క జవాబుకూ కొన్ని అనుమానాలు కొట్టుకుపోయి, చివరికి అసలుది మిగులుతుంది.

మీరూ ఈ లెక్క మీ సైకిలు మీద వేసి చూడండి. మోటారు సైకిలు చైను జోలికి మాత్రం పెద్దవాళ్ళు లేకుండా పోవద్దు. నడిచే ఇంజను దగ్గర చైనులో వేలు పడితే వేలు దక్కదు. సైకిలును స్టాండు వేసి, ఒక లింకుకు సుద్ద పూసి, పెడలును వెనక్కు మెల్లిగా తిప్పండి. సుద్ద పూసిన లింకు మళ్ళీ అదే చోటికి రావటానికి పెడలు ఎన్ని చుట్లు తిరగాలి? తిప్పకముందే పళ్ళూ, లింకులూ లెక్కపెట్టి, జవాబు కాగితం మీద రాసుకోండి. తరవాత తిప్పి చూడండి. మీ లెక్కా, మీ సైకిలూ ఒకే మాట చెప్పాయా?