గీసిన బొమ్మ ఒకటే, వచ్చిన లెక్క వేరు

మేము చంద్రశేఖరపురం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ముగ్గురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లెక్క తప్పు రాగానే "కంప్యూటర్ మనకు రాదులే" అని ల్యాబ్ నుంచి లేచిపోయే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాం.

మేము నేర్చుకుంటున్నది ప్యూర్ డేటా. 1990లలో మిల్లర్ పకెట్ తయారుచేశాడు. డబ్బు కట్టక్కర్లేదు, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. కోడ్ లైన్లు రాసే పని తక్కువ. డబ్బాలు పెట్టి, వాటి మధ్య తీగలు గీస్తాం.

ఒక అంకెను దాంతోనే గుణించాలనుకోండి. అంకె డబ్బా నుంచి గుణకారం డబ్బా ఎడమ, కుడి ఇన్‌లెట్లకు రెండు తీగలు. 5 కొడితే 25, తర్వాత 6 కొడితే 36 రావాలి. మాలో ఒకరికి అట్లే వచ్చింది. ఇంకొకరికి 0, 30 వచ్చాయి. రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. బొమ్మలో ఏ తేడా లేదు.

తేడా అంతా తీగలు గీసిన వరుసలో ఉంది. కుడి ఇన్‌లెట్ అంకెను దాచుకుంటుంది, అంతే. ఎడమ దానికి అంకె అందితేనే గుణకారం జరుగుతుంది. ఎడమ తీగ ముందు గీస్తే, కుడివైపు కొత్త అంకె చేరకముందే లెక్క అయిపోతుంది. అందుకే 6ను పాత 5తో గుణించి 30 ఇచ్చింది. కొత్త ఆదాయ సర్టిఫికెట్ చేతికి రాకముందే స్కాలర్‌షిప్ ఫారం పంపితే పాతదే పోతుంది కదా, ఇదీ అంతే.

ఎడమ తీగ తీసేసి మళ్లీ గీస్తే 36 వస్తుంది. కానీ అక్కడితో వదిలేయకండి, రేపు ఇంకొకరు తీగలు మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మధ్యలో 'ట్రిగ్గర్' డబ్బా పెట్టి 'టి ఎఫ్ ఎఫ్' అని రాయండి. అది ఎప్పుడూ ముందు కుడివైపు పంపి, తర్వాతే ఎడమవైపు పంపుతుంది. వరుస అందరికీ కనపడుతుంది కూడా. ఒక అంకె నుంచి రెండు తీగలు పోయే ప్రతిచోటా ఇదే పెట్టండి.

జవాబు ఒక అడుగు వెనకబడి వస్తోందంటే ముందు వరుసను అనుమానించండి, మీ బుర్రను కాదు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని మనకు, ఏది ముందు ఏది తర్వాత అని ఒకరికొకరం చెప్పుకోవడమే దారి. ఎక్కడైనా ఆగిపోతే కింద రాయండి, కలిసి చూద్దాం. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఏ తీగ ముందు గీశారో కూడా చెప్పండి.